బయానా ఇవ్వకముందే: ఇల్లు కొనుగోలులో డబ్బు, హక్కు, నీరు

ఫ్లాటు చూడడానికి వెళ్లిన కుటుంబం మొదట ఫేసింగు అడుగుతుంది. తర్వాత అడుగు ధర ఎంత అని, ఆపైన కారు పార్కింగు ఉందా అని. ఆ భూమి ఎవరి నుంచి ఎవరికి వచ్చింది, వేసవిలో బోరు ఎన్ని గంటలు నడుస్తుంది, వడ్డీ రెండు శాతం పెరిగితే కిస్తీ ఎంతవుతుంది అనే ప్రశ్నలు బయానా ముట్టజెప్పాక గానీ రావు. కొన్ని ఇళ్లలో గృహప్రవేశం అయ్యాక వస్తాయి.

ఈ వరుస తిరగబడాలి. కొనేవారి చేతిలో బలం ఉండేది బయానా ఇచ్చేదాకానే. అప్పటివరకు అమ్మేవారు, బిల్డరు, మధ్యవర్తి అందరూ అడిగినదానికి జవాబు చెబుతారు, అడిగిన కాగితం తెచ్చి చూపిస్తారు. డబ్బు చేతులు మారాక బతిమాలే వంతు కొన్నవారిది అవుతుంది. గత పదేళ్లలో మంచి చట్టాలే వచ్చాయి. కానీ వాటిలో చాలావరకు నష్టం జరిగాక పరిహారం కోసం తలుపు తట్టే దారి చూపేవి. నష్టం జరగకుండా చూసుకునే పని మాత్రం ఇంకా కొనేవారి మీదే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో ఇల్లు కొనాలనుకునేవారు ముందుగా తేల్చుకోవలసిన విషయాలను ఒకచోట చేర్చి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

కొనాలా, అద్దెకుండాలా

అద్దె కట్టడమంటే డబ్బు పారబోసుకోవడమే అనే మాట మన ఇళ్లలో గట్టిగా నాటుకుపోయింది. లెక్క వేసి చూస్తే అది అన్నివేళలా నిజం కాదు. 84 లక్షల ఫ్లాటుకు నెలకు 25 వేల అద్దె వస్తుందనుకుందాం. ఏడాదికి 3 లక్షలు, అంటే పెట్టిన ధర మీద మూడున్నర శాతం. అదే ఫ్లాటు కొనడానికి బ్యాంకు దగ్గర తెచ్చే అప్పుకు ఎనిమిది, ఎనిమిదిన్నర శాతం వడ్డీ కడతాం. మధ్యలో ఉన్న ఐదు శాతం తేడాను ఆస్తి విలువ పెరుగుదల పూడ్చాలి. ఆ పెరుగుదల ఏటా వస్తుందని, అన్ని పేటల్లో ఒకేలా వస్తుందని ఎవరూ పూచీ పడలేరు.

అయినా సొంతిల్లు వద్దనడానికి ఈ లెక్క ఒక్కటీ చాలదు. పిల్లల బడి మారకుండా ఉండడం, ముసలితనంలో ఇల్లు ఖాళీ చెయ్యమనేవారు లేకపోవడం, గోడకు మేకు కొట్టడానికి ఒకరిని అడగనక్కరలేకపోవడం, వీటికీ విలువ ఉంది. కాబట్టి ప్రశ్నను ఇలా పెట్టుకోవాలి: ఈ ఊళ్లో, ఈ చుట్టుపక్కల ఇంకో ఏడెనిమిదేళ్లయినా ఉంటామా? ఉంటామనుకుంటే కొనుగోలుకు అర్థం ఉంది. ఉద్యోగం నిలకడ లేనివారు, ఏ నగరంలో స్థిరపడతారో తేలనివారు అద్దెకుంటూ డబ్బు కూడబెట్టుకోవడం తెలివైన పనే. రిజిస్ట్రేషన్ ఖర్చు, జీఎస్టీ, లోపలి పనులు కలిపి పెట్టిన సొమ్ములో పెద్దభాగం రెండు మూడేళ్లలో ఇల్లు అమ్మితే తిరిగి రాదు.

పన్ను మిగులుతుందని ఇల్లు కొనడం కూడా పాతబడిన ఆలోచన. పాత పన్ను విధానంలో సొంతంగా ఉండే ఇంటి రుణం వడ్డీ మీద ఏడాదికి 2 లక్షల వరకు మినహాయింపు ఉంది. కొత్త విధానంలో అది లేదు. 2023-24 నుంచి కొత్త విధానమే డిఫాల్టుగా మారింది. 2025-26 నుంచి అందులో 12 లక్షల వరకు మామూలు ఆదాయానికి పన్నే పడదు. రెండు విధానాల్లోనూ తమ పన్ను ఎంతో లెక్కగట్టుకోకుండా, పన్ను ఆదా అనే మాటను కొనుగోలు ఖాతాలో వేసుకోకూడదు.

చెప్పిన ధర, చేతినుంచి పోయే ధర

ప్రకటనలో ఉండేది అడుగు ధర. 1,400 చదరపు అడుగుల ఫ్లాటు, అడుగు 6 వేలు అంటే 84 లక్షలు. ఇంకా కడుతున్న అపార్టుమెంటు అయితే 5 శాతం జీఎస్టీ, అంటే 4.20 లక్షలు. 45 లక్షల లోపు ధర ఉండి, నిర్ణీత కార్పెట్ ఏరియాకు మించని ఇళ్లకు 1 శాతమే. కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చేసిన ఇంటికి జీఎస్టీ లేదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి రెండు రాష్ట్రాల్లోనూ 7.5 శాతం. తెలంగాణలో అది 5.5, 1.5, 0.5గా, ఆంధ్రప్రదేశ్‌లో 5, 1.5, 1గా విడిపోతుంది. మన ఫ్లాటుకు అది 6.30 లక్షలు. పార్కింగు, క్లబ్‌హౌసు, జనరేటరు, కార్పస్ ఫండ్ పేరుతో 5 లక్షలు, వంటగది అరలు, బీరువాలు, లైట్లు, కర్టెన్లకు 8 లక్షలు వేసుకున్నా మొత్తం 107.5 లక్షలు తేలుతుంది.

ఇందులో బ్యాంకు ఇచ్చేది ఎంత? రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల లోపు రుణానికి ఆస్తి విలువలో 90 శాతం వరకు, 30 నుంచి 75 లక్షల రుణానికి 80 శాతం వరకు, అంతకు మించితే 75 శాతం వరకు ఇవ్వవచ్చు. ఇంత ఖరీదైన ఇంటికి విలువ కట్టేటప్పుడు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఖర్చులను అందులో కలపరు. అంటే 84 లక్షల మీద 67.2 లక్షలు. తమ వంతు 16.8 లక్షలు ఉంటే సరిపోతుందని బయల్దేరిన కుటుంబం నిజానికి 40 లక్షలు సిద్ధం చేసుకోవాలి. ఇంటి కొనుగోలులో ఎక్కువ కుటుంబాలు తడబడేది ఇక్కడే. లోటు పూడ్చడానికి బంగారం తాకట్టు పెడతారు, పర్సనల్ లోను తీసుకుంటారు, పెన్షన్ డబ్బు కదుపుతారు. బ్యాంకు లెక్కలో కనబడని ఈ రెండో అప్పే తర్వాతి సంవత్సరాల్లో ఊపిరాడనివ్వదు.

కొలతల దగ్గరా జాగ్రత్త అవసరం. అమ్మేది సూపర్ బిల్టప్ ఏరియా పేరుతో అయితే, అందులో మెట్లు, లిఫ్టు, కారిడారు వాటా కూడా ఉంటుంది. మనం కాలు పెట్టి నడిచే స్థలం కార్పెట్ ఏరియా. స్థిరాస్తి అమ్మకాలను నియంత్రించే రెరా చట్టం దీనికి స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది, అమ్మకానికి అదే ఆధారం కావాలంది. రెండు ఫ్లాట్ల ధరలు పోల్చాలంటే మొత్తం ధరను కార్పెట్ ఏరియాతో భాగించి చూడాలి. దానితోపాటు యూడీఎస్ అని పిలిచే విడదీయని భూమి వాటా ఎన్ని గజాలో అడగాలి. కట్టడం ఏటా పాతబడుతుంది, విలువ నిలిపేది భూమి. నలభై ఏళ్ల తర్వాత భవనాన్ని పడగొట్టి కట్టవలసి వస్తే మీ వాటా ఎంతో తేల్చేది సేల్ డీడులో రాసిన ఆ గజాలే.

స్టిల్టు పార్కింగును విడిగా అమ్మే అలవాటు మన దగ్గర ఇంకా పోలేదు. స్టిల్టు, ఆరుబయట పార్కింగు అందరి ఉమ్మడి స్థలమని, బిల్డరు దాన్ని విడిగా అమ్ముకోలేడని సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. పార్కింగు కేటాయింపు రాతపూర్వకంగా ఉందో లేదో చూసుకోవాలి.

అప్పు: ఇరవై ఏళ్ల సహవాసం

పై ఉదాహరణలోని 67.2 లక్షలను 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల కిస్తీ సుమారు 58,300. మొదటి నెల కిస్తీలో 47,600 వడ్డీకే పోతుంది. ఇరవై ఏళ్లలో కట్టేది దాదాపు 1.40 కోట్లు. అదే 15 ఏళ్లకైతే కిస్తీ 66,200 దాకా ఉంటుంది, కానీ మొత్తం వడ్డీలో 21 లక్షలు మిగులుతాయి. 30 ఏళ్లకు సాగదీస్తే కిస్తీ 51,700కు తగ్గుతుంది, వడ్డీ మాత్రం 1.18 కోట్లు దాటుతుంది. కిస్తీ తక్కువగా కనబడడం కోసం గడువు పెంచుకునేవారు ఈ మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

వడ్డీ మారుతుందన్న సంగతిని మాటగా వినడం వేరు, రూపాయల్లో చూడడం వేరు. 2019 అక్టోబరు నుంచి బ్యాంకుల కొత్త ఫ్లోటింగ్ గృహరుణాలు రెపో రేటు వంటి బయటి ప్రమాణానికి ముడిపడ్డాయి. 2022 మే మొదట్లో 4 శాతం ఉన్న రెపో 2023 ఫిబ్రవరికల్లా 6.5 శాతానికి చేరింది. అంతకుముందు 7 శాతానికి ఈ 67.2 లక్షలు తీసుకున్నవారి కిస్తీ సుమారు 52,100. వడ్డీ 9.5 శాతమైతే నెల వడ్డీయే 53,200. అంటే పాత కిస్తీ వడ్డీకి కూడా సరిపోదు, అసలు తగ్గేదే లేదు. అదే గడువులో తీర్చాలంటే కిస్తీ 62,600 దాటాలి. 2025లో రెపో మళ్లీ దిగింది, ఏడాది చివరికి 5.25 శాతానికి వచ్చింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి ఆటుపోట్లు ఎన్నోసార్లు వస్తాయి. అందుకే ఇప్పటి వడ్డీకి రెండు శాతం కలిపి, ఆ కిస్తీని కట్టగలమా అని చూసుకున్నాకే రుణం మొత్తం నిర్ణయించుకోవాలి. ఇంట్లో ఇద్దరు సంపాదిస్తున్నా, ఒక్కరి జీతం ఆగితే ఎన్ని నెలలు నెట్టుకురాగలమో కూడా ఆలోచించాలి. అన్ని కిస్తీలూ కలిపి చేతికొచ్చే జీతంలో 35 శాతం దాటకుండా, ఆరు నెలల కిస్తీ, ఇంటి ఖర్చు విడిగా దాచి ఉండేలా చూసుకోవడం నా దృష్టిలో కనీస జాగ్రత్త.

రుణగ్రహీతకు కొన్ని హక్కులున్నాయి. ఫ్లోటింగ్ వడ్డీ గృహరుణాన్ని వ్యక్తులు ముందే తీర్చేస్తే జరిమానా వెయ్యకూడదు. వడ్డీ మారినప్పుడు కిస్తీ పెంచాలా, గడువు పెంచాలా అన్నది ఎంచుకునే అవకాశం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2023లో ఆదేశించింది. అప్పు తీరిన 30 రోజుల్లో అసలు పత్రాలు తిరిగి ఇవ్వాలి, తన తప్పుతో ఆలస్యం చేస్తే బ్యాంకు రోజుకు 5 వేల చొప్పున చెల్లించాలి. రుణంతోపాటు అంటగట్టే ఒకేసారి ప్రీమియం బీమాను తప్పనిసరి అనుకోనవసరం లేదు. రుణం మొత్తానికి సరిపడే మామూలు టర్మ్ పాలసీ విడిగా తీసుకుంటే సాధారణంగా తక్కువ ఖర్చుతో అదే పని జరుగుతుంది. ఆ రక్షణ లేకుండా మాత్రం పెద్ద అప్పు తలకెత్తుకోకూడదు. ఇంటిపెద్ద పోయిన ఇంట్లో కిస్తీ ఆగదు.

ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని పట్టణ కుటుంబాలకు 2024 సెప్టెంబరులో మొదలైన పీఎం ఆవాస్ పట్టణ పథకం రెండో దశలో వడ్డీ రాయితీ ఉంది. 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు రుణానికి గరిష్ఠంగా 1.80 లక్షలు విడతలుగా జమ అవుతుంది. అర్హత ఉన్నవారు రుణం తీసుకునే సమయంలోనే బ్యాంకును అడగాలి.

హక్కు ఎవరిది

రిజిస్ట్రేషన్ అయిందంటే హక్కు వచ్చేసినట్టే అని చాలామంది నమ్మకం. మన దేశంలో రిజిస్టరు అయ్యేది పత్రం. ఆ పత్రం రాసిచ్చినవారికి నిజంగా హక్కు ఉందని సబ్ రిజిస్ట్రారు కార్యాలయం పూచీ ఇవ్వదు. అలాంటి పూచీ ఇచ్చే ప్రయత్నంగా ఆంధ్రప్రదేశ్ 2022లో భూహక్కుల చట్టం చేసింది. దానిలోని నిబంధనల మీద భయాలు 2024 ఎన్నికల్లో పెద్ద వివాదమయ్యాయి, కొత్త ప్రభుత్వం వస్తూనే దాన్ని రద్దు చేసింది. తెలంగాణలో 2020లో వచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో 2025లో భూభారతి వచ్చింది. ప్రభుత్వాలు మారాయి, పోర్టళ్లు మారాయి, హక్కును వెతికి తేల్చుకునే భారం మాత్రం కొనేవారి నెత్తినే ఉండిపోయింది.

ఆ వెతుకులాటకు మొదటి మెట్టు లింకు డాక్యుమెంట్లు. కనీసం ముప్పై ఏళ్ల వెనక్కి, ఒకరి నుంచి ఒకరికి ఆస్తి ఎలా వచ్చిందో గొలుసు తెగకుండా కనబడాలి. రెండోది ఈసీ, అంటే ఎన్‌కంబ్రన్స్ సర్టిఫికెట్. అమ్మకాలు, గిఫ్టులు, రిజిస్టరైన తనఖాలు ఈసీలో వస్తాయి. రిజిస్టరు కాని ఒప్పందాలు, వీలునామాలు, నోటిమాట పంపకాలు రావు, కోర్టులో నలుగుతున్న కేసులన్నీ కనబడతాయన్న భరోసా కూడా లేదు. అందుకే ఈసీలో ఏమీ లేదు అన్న ఒక్క మాటతో నిశ్చింతపడకూడదు. అసలు దస్తావేజులు కళ్లతో చూడాలి. జిరాక్సులే చూపిస్తుంటే అసలువి ఏ బ్యాంకులోనో తాకట్టులో ఉన్నాయేమోనని అడగాలి. బ్యాంకులు తమ తనఖాలు నమోదు చేసే సెర్సాయ్ రికార్డులోనూ వెతికించాలి.

తెలుగునాట చిక్కులు ఎక్కువగా వచ్చేవి నాలుగు చోట్ల. మొదటిది నిషేధిత జాబితా. రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింద ప్రభుత్వ, దేవాదాయ, వక్ఫ్ భూములు, అసైన్డ్ భూములు ఇందులో ఉంటాయి. పేదలకు ప్రభుత్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మడం, కొనడం సాధారణంగా కుదరదని 1977 చట్టం చెబుతోంది. సర్వే నంబరు ఈ జాబితాలో ఉందేమో రెండు రాష్ట్రాల స్టాంపులు, రిజిస్ట్రేషన్ల శాఖ వెబ్‌సైట్లలో చూసుకోవచ్చు. రెండోది కుటుంబం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు, దేశమంతటా 2005 సెప్టెంబరు నుంచి కూతుళ్లందరికీ హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతోనే వాటా ఉంది. 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న షరతు లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చింది. అక్కచెల్లెళ్ల సంతకం లేకుండా అన్నదమ్ములు మాత్రమే అమ్మిన ఇంటి మీద ఏళ్ల తర్వాత దావా రావచ్చు. వారి సంతకం అడగడం న్యాయం కూడా, అది వారి హక్కు.

మూడోది జీపీఏ, అంటే జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. జీపీఏ అమ్మకాలతో హక్కు బదిలీ కాదని 2011లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నోటరీ కాగితాలదీ అదే పరిస్థితి. అసలు యజమాని బతికే ఉన్నారా, జీపీఏ రద్దు కాలేదు కదా అని తేల్చుకోకుండా జీపీఏ హోల్డరుకు డబ్బు ఇవ్వకూడదు. నాలుగోది హద్దులు. దస్తావేజులోని కొలత, నేల మీద కొలత ఒకటేనా అన్నది సర్వేయరుతో కొలిపించి చూడాలి. గుంటకు 121 గజాలు, సెంటుకు 48.4 గజాలు అన్నది అంతటా ఒకటే. అంకణం మాత్రం ఒక ప్రాంతంలో 36 చదరపు అడుగులు, ఇంకో ప్రాంతంలో 72. కాగితం మీద కొలత చదరపు గజాల్లో రాయించుకుంటే తగవు రాదు. నాలుగు దిక్కులా హద్దుదారుల పేర్లు సరిపోయాయో లేదో అక్కడివారితో మాట్లాడితే, ఏ పత్రమూ చెప్పని సంగతులు బయటపడతాయి.

బ్యాంకు లోను ఇచ్చింది కాబట్టి పత్రాలు బాగున్నట్టే అనుకోవడం పొరపాటు. బ్యాంకు వకీలు చూసేది బ్యాంకు అప్పుకు రక్షణ ఉందా అని. ఆస్తి పోయినా అప్పు తీర్చవలసింది మనమే. కోటి రూపాయల కొనుగోలులో సొంత వకీలుకు ఇచ్చే ఫీజు చాలా చిన్న ఖర్చు.

అనుమతులు, చెరువులు

హక్కు సరిగ్గా ఉన్నా అనుమతి లేకపోతే ఇల్లు నిలవదు. లేఅవుట్‌కు హెచ్‌ఎండీఏ, డీటీసీపీ, సీఆర్‌డీఏ వంటి సంస్థల ఆమోదం ఉందా, మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులు, కట్టినవి ఎన్ని అని చూడాలి. పై అంతస్తు ప్లానులో లేకపోతే దాని తక్కువ ధర చూసి ఆశపడకూడదు. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ జీవో ప్రకారం బిల్డరు కట్టడంలో 10 శాతం భాగాన్ని ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చేదాకా మున్సిపాలిటీకి తనఖా పెట్టాలి. మీరు చూస్తున్న ఫ్లాటు ఆ తనఖాలో ఉందేమో ఈసీలో తెలుస్తుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ లేని ఇంటికి కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వరాదని, బ్యాంకులు దాన్ని పరిశీలించాకే రుణమివ్వాలని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆదేశించింది. ఆ సర్టిఫికెట్ చూపకుండా తాళాలు ఇస్తామంటే ఒప్పుకోకూడదు.

హైదరాబాదు వంటి చెరువుల ఊళ్లో ఎఫ్‌టీఎల్, బఫర్ జోన్ మాటలు ఇప్పుడు ప్రతి ఇంట్లో వినబడుతున్నాయి. చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే హద్దు ఎఫ్‌టీఎల్. అక్కడి నుంచి పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న చెరువులు, కుంటలకు 9 మీటర్లు కట్టడాలు ఉండకూడదు. 2024 జూలైలో చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా సంస్థ ఏర్పడ్డాక కూల్చివేతలు మొదలైనప్పుడు, రిజిస్ట్రేషన్, బ్యాంకు రుణం ఉన్న కుటుంబాలు కూడా రోడ్డున పడ్డాయి. అనుమతి ఇచ్చిన అధికారి, అమ్మిన బిల్డరు తప్పించుకుని, కొన్నవారు మాత్రమే నష్టపోవడం అన్యాయం. ఆ అన్యాయం సరయ్యేదాకా హెచ్‌ఎండీఏ ఆన్‌లైన్‌లో పెట్టిన చెరువుల పటాల్లో తమ సర్వే నంబరు వెతుక్కోవడం కొనేవారికి తప్పదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో 1996 నాటి 111 జీవో తెచ్చిన ఆంక్షల చరిత్ర కూడా అక్కడ కొనేవారు తెలుసుకోవాలి.

రెరా ఇచ్చిన బలం, మిగిల్చిన ఖాళీలు

2016లో చట్టమై 2017 మే నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చిన రెరా, ఫ్లాటు కొనేవారికి దొరికిన అతిపెద్ద ఆయుధం. రెరా నంబరు లేకుండా ప్రకటన ఇవ్వకూడదు, బుకింగు తీసుకోకూడదు. కొన్నవారి నుంచి వసూలైన సొమ్ములో 70 శాతం ఆ ప్రాజెక్టు ఖాతాలోనే ఉండాలి. అమ్మకపు ఒప్పందాన్ని రిజిస్టరు చెయ్యకుండా ధరలో 10 శాతం మించి తీసుకోకూడదు. గడువుకు ఇల్లు ఇవ్వకపోతే వడ్డీతో సహా డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా ఇల్లు చేతికొచ్చేదాకా నెలనెలా వడ్డీ అడగవచ్చు. కట్టడంలో లోపాలు ఐదేళ్లలో బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో 30 రోజుల్లో సరిచెయ్యాలి. ప్లాను మార్చాలంటే కొన్నవారిలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి.

ఖాళీలూ ఉన్నాయి. 500 చదరపు మీటర్లు మించని స్థలంలోని కట్టడాలకు, ఎనిమిది ఫ్లాట్లు మించని వాటికి రెరా నమోదు అక్కరలేదు. మన పట్టణాల్లో, కాలనీల్లో లేచే అపార్టుమెంట్లలో ఎన్నో ఈ కొలతలోవే. మధ్యతరగతి ఎక్కువగా కొనే ఇళ్లకే చట్టం నీడ పలచగా ఉందన్నమాట. ఇక రెరా ఉత్తర్వు ఇచ్చినా డబ్బు వసూలు రెవెన్యూ యంత్రాంగం చేతిలో ఉంటుంది, బిల్డరు ఖాతా ఖాళీ అయితే ఉత్తర్వు కాగితంగా మిగిలిపోతుంది.

హైదరాబాదులో ఎక్కువ కుటుంబాలను దెబ్బతీసింది ప్రీలాంచ్ అమ్మకం. అనుమతులు రాకముందే, యూడీఎస్ రాసిస్తామని చెప్పి, మొత్తం సొమ్ము ఒకేసారి కడితే సగం ధరకే ఫ్లాటు అంటారు. పదవీ విరమణ డబ్బు, ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఇలా పోగొట్టుకున్నవారు ఎందరో. రెరా నంబరు లేని ప్రాజెక్టులో డబ్బు పెట్టడమంటే, హామీ లేకుండా బిల్డరుకు అప్పు ఇవ్వడమే. ధర ఎంత తక్కువైనా దాని జోలికి పోకూడదు.

నీరు, వరద, రోజువారీ బతుకు

1908 సెప్టెంబరులో మూసీ పొంగి హైదరాబాదును ముంచింది. 2020 అక్టోబరులో చెరువులకు, నాలాలకు దిగువనున్న కాలనీలు మునిగాయి. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలోని సింగ్‌నగర్ పరిసరాలను రోజుల తరబడి నీళ్లలో ఉంచింది. నీరు పాత దారిని మరిచిపోదు. ఇల్లు చూడడానికి ఎండాకాలంలో ఒకసారి, గట్టి వాన పడిన మర్నాడు ఒకసారి వెళ్లాలి. మొదటిసారి ట్యాంకర్లు ఎన్ని వస్తున్నాయో, రెండోసారి సెల్లారులో నీరు నిలిచిందో లేదో తెలుస్తుంది. వాచ్‌మన్‌ని, అక్కడే అద్దెకుంటున్నవారిని అడిగితే నిజం చెబుతారు, వారికి అమ్ముకోవలసిన పని లేదు.

నెలవారీ ఖర్చుల లెక్కా ముందే కావాలి. అడుగుకు 3 రూపాయల మెయింటెనెన్స్ అయినా 1,400 అడుగులకు నెలకు 4,200. ఇంటిపన్ను, ట్యాంకరు వాటా, లిఫ్టు మరమ్మతు, అయిదారేళ్లకోసారి రంగులు దీనికి అదనం. ఆఫీసుకు, బడికి, ఆస్పత్రికి పట్టే సమయాన్ని ఉదయం రద్దీ వేళ స్వయంగా ప్రయాణించి చూసుకోవాలి. పది లక్షలు తక్కువని దూరంగా కొన్న ఇల్లు, రోజుకు మూడు గంటలు రోడ్డు మీద గడిపిస్తే అది చవక కాదు.

విదేశాల్లో ఉన్న తెలుగువారికి ఈ జాగ్రత్తలన్నీ రెండింతలు కావాలి. ఎన్నారైలు ఇల్లు, ఫ్లాటు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు. ఫార్మ్ ప్లాటు పేరుతో గుంటల్లెక్కన అమ్మేవాటి వెనక తరచూ ఉండేది లేఅవుట్ అనుమతి లేని వ్యవసాయ భూమే. ఇక్కడివారికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీని ఒకే ఆస్తికి, ఒకే పనికి పరిమితం చెయ్యాలి. ఇక్కడ కొనేవారు కూడా, అమ్మేది ఎన్నారై అయితే టీడీఎస్ లెక్క వేరని గుర్తుంచుకోవాలి. స్థానికుల దగ్గర 50 లక్షలు, అంతకు మించిన ఇల్లు కొంటే 1 శాతం కోసి ప్రభుత్వానికి కట్టాలి. ఎన్నారై దగ్గర కొంటే కోత చాలా ఎక్కువ, కొయ్యకపోతే ఆ భారం కొన్నవారి మీద పడుతుంది.

బయానా కాగితంలో ఏముండాలి

అన్నీ చూసుకున్నాకే బయానా. అదీ చెక్కు ద్వారా, రాతకోతలతో. హక్కులో లోపం తేలితే, బ్యాంకు రుణం మంజూరు కాకపోతే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగి ఇస్తారో ఒప్పందంలో ఉండాలి. మిగతా సొమ్ముకు గడువు, ఇల్లు స్వాధీనపరిచే తేదీ, పాత ఇంటిపన్ను, కరెంటు, మెయింటెనెన్స్ బకాయిలు ఎవరివో రాసుకోవాలి. ఒప్పందం మీద అమ్మేవారి వైపు వాటాదారులందరి సంతకాలూ తీసుకోవాలి.

కొంత తెల్ల, కొంత నల్ల అనే బేరానికి ఒప్పుకోకూడదు. స్థిరాస్తి అమ్మకంలో 20 వేలు, ఆపైన నగదు అడ్వాన్సు తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడుతుంది. కొనేవారికి నష్టం ఇంకా ఎక్కువ. బేరం చెడితే ఆ నగదు అడగడానికి ఆధారం ఉండదు. కాగితం మీద ధర తగ్గితే రుణమూ తగ్గుతుంది. రేపు అమ్మేటప్పుడు లేని లాభానికి పన్ను కట్టవలసి వస్తుంది. పత్రంలోని ధర కన్నా ప్రభుత్వ మార్కెట్ విలువ 10 శాతానికి మించి ఎక్కువుంటే ఆ తేడా కొన్నవారి ఆదాయంగా లెక్కకు రావచ్చు.

ఇన్ని కాగితాలు వెతకడం ఒక ఉద్యోగికి, ఒక చిన్న వ్యాపారికి భారమే. ఆ భారాన్ని తగ్గించవలసింది ప్రభుత్వాలు. సర్వే నంబరు కొడితే నిషేధిత జాబితా, చెరువు హద్దు, లేఅవుట్ అనుమతి, తనఖా, కోర్టు కేసు ఒకేచోట కనబడే ఏర్పాటు కావాలి. చిన్న అపార్టుమెంట్లనూ రెరా పరిధిలోకి తేవాలి. తప్పుడు అనుమతి వల్ల ఇల్లు కూలితే, అనుమతిచ్చిన శాఖే కొన్నవారికి పరిహారం ఇవ్వాలి. అవి వచ్చేదాకా కుటుంబాలు చెయ్యగలిగిన పని ఒకటుంది: నచ్చిన ఇంటికి కూడా కాదని చెప్పగలిగే ధైర్యం బయానా దాకా నిలుపుకోవడం. ఆ ఇల్లు ఎవరో తీసుకుంటారన్న భయంతో రాత్రికి రాత్రి టోకెన్ కట్టేవారు పోగొట్టుకునేది ఆ ధైర్యాన్నే. ఒక నెల ఆలస్యమై ఒక మంచి ఇల్లు చేజారినా ఇంకోటి దొరుకుతుంది. హక్కు లేని ఇంటికి ఇరవై ఏళ్లు కట్టిన కిస్తీలు మాత్రం తిరిగి రావు.